చెరువు చూడ్డానికి పోయినాం, చెరువు ఎవరిదని అడుగుతూ వచ్చినాం

మా దిక్కు చెరువు మరవ పారితే ఊరు ఊరంతా పోయి చూస్తుంది. పసుపు, కుంకుమ, టెంకాయ, చేతనైతే ఒక పొట్టేలు. గంగమ్మకు పెట్టుకొని, కట్ట మీద నిలబడి, పిల్లల్ని ఎత్తుకొని నీళ్ళు చూపిస్తారు. మళ్ళీ ఎన్నేండ్లకు చూపిస్తామో ఎవరికీ తెలీదు కాబట్టి. అనంతపురం వాన ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అదీ వేళకు రాదు. చెనిక్కాయ పూత మీద ఉన్నప్పుడు మొహం చాటేసి, పీకి కుప్ప వేసినాక వస్తుంది. ఆ ఏడు తాండాలో సగం తలుపులకు తాళాలు పడతాయి. ముసలోళ్ళు, మేకలు మిగులుతాయి. మిగిలినవాళ్ళు బెంగళూరు బస్సెక్కుతారు.

అట్లాంటి చోటి నుంచి తొమ్మిది మందిమి మొన్న వానలు వెనకపట్టినాక ఉత్తరానికి పోయినాం. రాత్రి అనంతపురంలో రైలెక్కి కాచిగూడ, అక్కడి నుంచి హనుమకొండ, ములుగు, తాడ్వాయి. జాతర లేని రోజుల్లో మేడారం ఎట్లుంటుందో చూడాలని చాన్నాళ్ళ కోరిక. అది తీర్చుకొని, తిరుగు దారిలో గోవిందరావుపేట మండలంలోని లక్నవరం చెరువు కాడ ఒక పగలంతా ఉన్నాం. పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చే పార్కు లెక్కన వేలమంది పోయే చోటు అది.

చూసినవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాం. చుట్టూ పచ్చటి కొండలు. కొండకూ కొండకూ మధ్య ఉన్న ఇరుకు చూసి అక్కడ కట్ట కట్టినారు. నీళ్ళ నడుమ చిన్న చిన్న దీవులు. ఒడ్డు నుంచి దీవికి వేలాడే వంతెన. పదిమంది ఒక్కసారి నడిస్తే ఊగుతుంది, గుండె జల్లుమంటుంది. టికెట్ కొన్నాం, వంతెన మీద ఫోటోలు దిగినాం, పడవెక్కినాం. దాచుకోవడం ఎందుకు, శానా సంతోషపడినాం. మాలో ఒక చెల్లెలు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పడవెక్కడం అదే మొదటిసారి. నీళ్ళ నడిమధ్యకు పోయినాక అందరం కేకలు పెడుతుంటే తను మాత్రం కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, ఇన్ని నీళ్ళు మన పంచాయతీకి ఎన్నేండ్లు వస్తాయి?" అని అడిగింది.

కరువు సీమలో పుట్టినోళ్ళు నీళ్ళను అందంగా చూడలేరని కాదు. అందం చూస్తూనే లెక్క కూడా వేస్తారు. ఆ లెక్క ఇక్కడ పెడదామనే ఈ సంపాదకీయం.

కంకులమ్మిన అవ్వ మాట

గేటు బయట ఒక పెద్దామె మక్క కంకులు కాల్చి అమ్ముతోంది. కోయామె. నాలుగు కంకులు తీసుకుంటే ఐదోది ఊరికే ఇచ్చింది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"అనంతపురం పక్కన తాండా అవ్వా."

"మస్తు దూరం గదా. గక్కడ చెరువుల్లెవ్వా?"

"చెరువులు ఉన్నాయి అవ్వా, నీళ్ళే లేవు."

నవ్వింది. తర్వాత నిప్పుల మీద కంకి తిప్పుతూ, "అప్పట్ల దీన్ని చూసెటందుకు ఎవ్వరు రాకపోతుండె. దీని మీద బతికెటోళ్ళే వస్తుండిరి. గిప్పుడు చూసెటోళ్ళు ఎక్కువైన్రు. మంచిదే, కంకులు అమ్ముడువోతున్నయ్" అంది.

ఆమె మాటలో ఫిర్యాదు లేదు. లేని ఫిర్యాదును మేం ఆమె నోట్లో పెట్టం. కానీ ఆ రెండు మాటలు, "బతికెటోళ్ళు" "చూసెటోళ్ళు", రైల్లో తిరిగొస్తున్నంతసేపూ మాతోనే ఉన్నాయి. ఏ చెరువుకైనా ఈ ఇద్దరూ ఉండొచ్చు. చూసేవాళ్ళు పెరిగేకొద్దీ బతికేవాళ్ళ మాట తగ్గిపోవాలా అన్నదే ప్రశ్న.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. మేం సుగాలీలం. ఆ గడ్డ కోయలది. ఎస్టీ జాబితా మీద తెలంగాణలో ఆదివాసీలకూ లంబాడాలకూ నడుమ ఉన్న తగువు మాకు తెలియనిది కాదు. దాన్ని ఇక్కడ తేల్చబోవడం లేదు. లక్నవరం కాడ మేం చూసెటోళ్ళమే. ఆ చెరువు గురించి మొదటి మాట అక్కడివాళ్ళది. మా మాట మేం వెంట తెచ్చుకున్న ప్రశ్నల గురించి, ఇంటికి తీసుకుపోవాల్సిన పాఠం గురించి.

కట్టించినవాడి పేరు, కప్పం కట్టలేనివాళ్ళ కథ

ఫోన్లో లక్నవరం అని కొడితే వచ్చే మొదటి వాక్యం ఒకటే: కాకతీయులు కట్టించిన చెరువు. నిజమే. 13వ శతాబ్దం, గణపతిదేవుడి కాలం. పాకాల, రామప్ప, లక్నవరం ఈ చెరువులన్నీ ఆ కాలపు పని. కొండల మధ్య వాలు చూసి, తక్కువ కట్టతో ఎక్కువ నీళ్ళు ఆపిన తెలివికి ఈ రోజుకీ దండం పెట్టాల్సిందే. మట్టి మోసిన తట్టలు ఎవరి నెత్తి మీదివో మాత్రం రాతిలో రాయలేదు.

అదే నేల మీద ఇంకో కథ ఉంది. లక్నవరానికి దగ్గర్లోనే, మేడారంలో. మా పెద్దలు చెప్పంగా విన్నాం, అక్కడికి పోయి మళ్ళీ విన్నాం. పగిడిద్దరాజు ఏలుబడిలో వరసగా కరువు వచ్చింది. కోయలు కప్పం కట్టలేకపోయినారు. కరువును కాకతీయ రాజు ఒప్పుకోలేదు, సైన్యాన్ని పంపినాడు. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు పోరులో పడిపోయినారు. జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిచినాడు. అప్పటి నుంచి అది జంపన్న వాగు. సమ్మక్క పోరాడి పోరాడి చిలకలగుట్ట దిక్కు నడిచి మాయమైంది. వెతికినవాళ్ళకు కుంకుమ భరిణ దొరికింది. రెండేండ్లకోసారి కోటిమంది మొక్కే జాతర వెనక ఉన్నది, కరువులో పన్ను కట్టం అన్న ఒక మాట.

అంటే చెరువులు కట్టిన వంశమే కరువులో కప్పం అడిగింది. రెండూ నిజాలుగానే ఆ నేల మోస్తోంది. టూరిస్టు పుస్తకంలో మొదటిది ఒక్కటే ఉంటుంది.

మా సీమలోనూ ఇట్లాంటి జత ఉంది. అనంతపురం ఊరి పక్కన బుక్కరాయసముద్రం చెరువు విజయనగరం తొలి రోజులది, బుక్కరాయల పేరు మీదే ఉంది. అదే చెరువుకు ముసలమ్మ కథ ఉంది. కట్ట తెగబోతుంటే ఊరు నిలవాలని ప్రాణం ఇచ్చిన ఇంటి కోడలు. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' రాసింది ఆమె మీదే. రాజు పేరు చెరువుకు పోయింది, ప్రాణం కోడలిది పోయింది. చెరువును అందంగా చూపించే బోర్డు పెట్టేటప్పుడు ఈ రెండో పేరు కూడా రాయమని అడగడం పెద్ద కోరికేం కాదు.

చట్టం ఏం చెబుతుందో చూద్దాం

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. అడవిలో చెరువు పక్కన పార్కు, పడవలు, కాటేజీలు రావాలంటే ఎవర్ని అడగాలి? ఫలానా చోట ఏం జరిగిందని కాదు మేం అంటున్నది. ఎక్కడైనా ఏం జరగాలో తెలుసుకుందాం.

ఒకటి. అటవీ హక్కుల చట్టం, 2006. సెక్షన్ 3(1)(డి) చదవండి. చేపలు, నీటి వనరుల్లో దొరికే ఇతర ఉత్పత్తులు, పశువుల మేత, ఇవన్నీ ఊరి ఉమ్మడి హక్కులని అందులో ఉంది. అంటే అడవిలోని చెరువు మీద వల వేసే హక్కు, గొడ్లకు నీళ్ళు పెట్టే హక్కు ఎవరో దయతో ఇచ్చేవి కావు. ఉన్న హక్కును గుర్తించమని చట్టం చెబుతోంది. 3(1)(ఐ) ఇంకో అడుగు ముందుకు పోయి, ఊరు తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని కాపాడే, నడిపే హక్కు కూడా ఊరిదే అంటుంది.

రెండు. అదే చట్టంలో సెక్షన్ 3(2). ఊరి అవసరాల కోసం అడవి భూమిని వాడుకోవడానికి 13 రకాల పనులను లెక్కపెట్టి రాసినారు. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, చౌకధరల దుకాణం, కరెంటు లైన్లు, తాగునీరు, రోడ్లు, చెరువులు, కుంటలు. ఒక్కో పనికి ఒక హెక్టారు లోపే. గ్రామసభ సిఫారసు చేస్తేనే. ఈ పదమూడింటిలో చెరువు ఉంది. చెరువు పక్కన రిసార్టు లేదు.

మూడు. అభయారణ్యాల మాట. వన్యప్రాణుల కోసమని చెప్పి ఊరిని లేపితే, ఆ చోటును తర్వాత వేరే ఏ పనికీ మళ్ళించకూడదని సెక్షన్ 4(2)(ఎఫ్) అంటుంది. పులి కోసమని మనల్ని పంపి, తర్వాత అక్కడే సఫారీ హోటల్ కట్టడానికి ఆ చట్టం ఒప్పుకోదు.

నాలుగు. షెడ్యూల్డు ప్రాంతమైతే 1996 నాటి పీసా చట్టం. భూసేకరణకు ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పజెప్పాలి. వీటికి తోడు ఆదివాసేతరులకు భూమి బదిలీ కాకుండా 1/70 చట్టం.

ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. అడవి చెరువు గట్టున టికెట్ కొనే ముందు ఒక్క ప్రశ్న అడిగితే చాలు. "ఇక్కడి గ్రామసభ తీర్మానం ఉందా?" ఉంటే సంతోషం, ఇంకో టికెట్ కొందాం. లేకపోతే ఆ ప్రశ్న అక్కడి యువకుల చేతికి పోవాలి.

"పార్కు వస్తే పని దొరుకుతుంది కదా?"

ఈ మాట మనోళ్ళే అంటారు. తప్పు లేదు. పడవ నడిపేవాడికి, వంట చేసేవాళ్ళకు, దారి చూపేవాళ్ళకు, కంకులు అమ్మే అవ్వకు పని దొరుకుతుంది. వలస తెలిసిన మేం ఆ పనిని చిన్నచూపు చూడలేం. ఊర్లో పని దొరికితే మా తాండాలో కొన్ని తాళాలైనా తెరుచుకుంటాయి.

కానీ పని వేరు, మాట వేరు. చీపురు మన చేతికి, పద్దు పుస్తకం ఇంకొకరి చేతికి వస్తే అది పనే గాని హక్కు కాదు. గేటు ఎప్పుడు తెరవాలి, ఎంతమందిని రానివ్వాలి, ఏ రోజు మూసెయ్యాలి, చేపలు గుడ్లు పెట్టే కాలంలో మోటారు పడవ తిప్పొచ్చా, టికెట్ డబ్బులో ఊరికి ఎంత, కొలుపుల రోజున ఆ గట్టు ఎవరిది? ఈ ప్రశ్నలకు జవాబు ఊరు చెప్పగలిగితే అది ఊరి పార్కు.

అట్లా ఎక్కడైనా జరిగిందా అంటే, జరిగింది. పార్కుల చరిత్ర మంచి ఉదాహరణతో మొదలు కాలేదు. 1872లో అమెరికాలో ఎల్లోస్టోన్ పార్కు ప్రకటించినారు. అక్కడే బతుకుతున్న షోషోనీ జనం చివరికి రిజర్వేషన్లకు పోవాల్సి వచ్చింది. "మనుషులు లేని అడవి" అనే బొమ్మ అక్కడి నుంచే ప్రపంచమంతా తిరిగింది. కానీ అదే దేశంలో ఇంకో కథ ఉంది. న్యూమెక్సికోలో టావోస్ ప్యూబ్లో ప్రజలు పవిత్రంగా చూసుకునే బ్లూ లేక్ అనే చెరువు ఉంది. 1906లో ప్రభుత్వం దాన్ని జాతీయ అడవిలో కలిపేసింది. వాళ్ళు నష్టపరిహారం తీసుకొని ఊరుకోలేదు, చెరువే కావాలన్నారు. 64 ఏండ్లు అడిగినారు. 1970 డిసెంబరులో చెరువుతో పాటు 48,000 ఎకరాలు తిరిగి వాళ్ళకు వచ్చినాయి.

కెనడా ఉత్తర పసిఫిక్ తీరంలో హైదా జాతి కథ ఇంకోటి. 1985లో తమ దీవుల్లో చెట్లు కొట్టే కంపెనీల దారికి అడ్డంగా ముసలోళ్ళతో సహా కూర్చున్నారు. 1993లో గ్వాయ్ హానాస్ ఒప్పందం కుదిరింది. భూమి మాదంటే మాదని ఇద్దరూ రాసుకొని, తగువు తేలకపోయినా కాపాడే పని కలిసి చేస్తామన్నారు. నడిపే బోర్డులో హైదాలు, ప్రభుత్వం సమానం. పాత ఊర్ల దగ్గర ఎండాకాలమంతా హైదా కావలివాళ్ళు ఉంటారు. వచ్చేవాళ్ళు ముందు ఆ నేల గురించి వాళ్ళు చెప్పేది వినాలి, తర్వాతే అడుగు పెట్టాలి. ఒక్కసారికి ఇంతమందే అని లెక్క ఉంది. అయినా మనుషులు పోతూనే ఉన్నారు, ఇంకా గౌరవంగా పోతున్నారు. కాబట్టి ఊరికి మాట ఇస్తే టూరిస్టులు రారన్నది ఉత్త భయం.

మన కట్టకు తిరిగొస్తే

ఇప్పుడు ఇంటి మాట. మా తాండాకు దగ్గర్లో ఒక చెరువు ఉంది. పేరు అవసరం లేదు, మీ ఊరి పక్కన కూడా అట్లాంటిదే ఉండొచ్చు. కొన్నేండ్ల కిందట దాన్ని "అందంగా" చేసినారు. కట్ట మీద నడిచే బాట, సిమెంటు బెంచీలు, రంగు లైట్లు, ఒక బోటు, చుట్టూ ఇనుప కంచె. రెండేండ్లు బోటు తిరిగింది. మూడో ఏడు వాన రాలేదు, చెరువు ఎండింది. ఇప్పుడు బోటు బోర్లా పడి ఉంది, లైట్లు పోయినాయి. కంచె మాత్రం గట్టిగా ఉంది. గుంతల్లో మిగిలిన నీళ్ళ కోసం గొర్రెలు కంచె చుట్టూ తిరుగుతాయి. కాపరి ఆడమనిషైతే బిందె కంచె మీద నుంచి అవతలకు ఇచ్చి, తాను కింద దూరి పోతుంది.

ఎవరో చెడు చేద్దామని చేసింది కాదు ఇది. చూసేవాళ్ళను మనసులో పెట్టుకొని గీసిన బొమ్మలో బతికేవాళ్ళ దారి గీయడం మర్చిపోయినారు. గీసేటప్పుడు మనం అక్కడ లేం. మనల్ని పిలవలేదు. మనం కూడా పోయి అడగలేదు. ఆ రెండో తప్పు మనది.

మా సీమకు ఇంకో కష్టం ఉంది. రాయలసీమలో షెడ్యూల్డు ప్రాంతం లేదు. పీసా మాకు వర్తించదు, 1/70 మాకు లేదు. చాలామంది పిల్లలు అక్కడితో ఆగిపోయి "మనకేం చట్టం లేదులే" అంటారు. తప్పు. అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డు ప్రాంతం అనే హద్దు లేదు. అడవి భూమి ఉన్న ప్రతి జిల్లాకూ అది వస్తుంది. గుట్టల కింద ఉన్న తాండాలు, రిజర్వు ఫారెస్టులో గొడ్లు మేపుకునే ఊర్లు, అడవిలోని కుంటల మీద బతికేవాళ్ళు అందరూ ఉమ్మడి హక్కుల కోసం దరఖాస్తు పెట్టొచ్చు. అడవి బయట ఉన్న ఊరి చెరువుకు ఈ చట్టం పనికిరాదు, నిజమే. అక్కడ పంచాయతీ గ్రామసభ ఉంది. నోరు ఉంది.

కాబట్టి చదివి షేర్ చేసి ఊరుకోకుండా ఈ పని చెయ్యండి.

మీ తాండా, మీ గూడెం ఏ చెరువు, ఏ కుంట, ఏ వాగు మీద బతుకుతోందో రాయండి. గొడ్లు ఏ దారిన పోతాయి, బట్టలు ఏ రాయి కాడ ఉతుకుతారు, చేపలు ఎవరు పడతారు, గంగమ్మకు ఎక్కడ పెడతారు, అన్నీ. ముసలోళ్ళను కూర్చోబెట్టి అడగండి. వాళ్ళ మాటే సాక్ష్యం కింద చెల్లుతుందని నిబంధనల్లోనే ఉంది.

అడవి భూమి అయితే గ్రామసభలో అటవీ హక్కుల కమిటీ ఉందో లేదో చూడండి. 10 నుంచి 15 మంది ఉండాలి, మూడింట ఒక వంతుకు తగ్గకుండా ఆడవాళ్ళు ఉండాలి. ఉమ్మడి హక్కులకు ఫారం-బి, ఊరు కాపాడుకునే అడవికి ఫారం-సి. హక్కుల మీద తీర్మానం చేసే సభకు కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడింట ఒక వంతు ఆడవాళ్ళు ఉండాలి. బెంగళూరుకు పోయినోళ్ళు పండక్కి వచ్చే రోజు చూసి సభ పెట్టించండి.

ఎవరైనా చెరువు కాడికి టేపు పట్టుకొని కొలతలకు వస్తే, కొట్లాట వద్దు. మంచినీళ్ళు ఇచ్చి, బొమ్మ చూపించమని అడగండి. అందులో గొర్రెల దారి ఎక్కడుందో చూపించమనండి.

ఇక ఎక్కడికైనా చూడ్డానికి పోతే, పోండి. మేడారం పోండి, లక్నవరం పోండి, అరకు పోండి. మనం ఊరు దాటి చూడాలి. కానీ తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి తీసుకురండి. గేటు బయట అమ్మే అవ్వ కాడ కొనండి. ఆ నేల పేరు, అక్కడివాళ్ళ పేరు అడిగి తెలుసుకోండి. ఒక ఆదివాసీ ఇంకో ఆదివాసీ గడ్డ మీద ఉత్త టూరిస్టుగా తిరిగి రాకూడదు.

కొమరం భీం నుంచి మనకొచ్చిన నినాదాన్ని గోడల మీద రాస్తుంటాం. జల్, జంగిల్, జమీన్. అడవి గురించి కొట్లాడినాం, భూమి గురించి కొట్లాడినాం. అందులో మొదటి మాట జల్ అని ఆ రోజు పడవలో కూర్చున్నప్పుడు గానీ మాకు సరిగ్గా తట్టలేదు.

మా చెల్లెలు అడిగిన లెక్క ఇంకా తేలలేదు. ఇన్ని నీళ్ళు మన పంచాయతీకి ఎన్నేండ్లు వస్తాయో మాకు తెలీదు. కానీ వచ్చే నెల మా గ్రామసభలో తను లేచి మాట్లాడబోతోంది. కంచెలో గొర్రెలకు ఒక దారి తెరవమని. అంతే. మొదటి తీర్మానం అంత చిన్నదే. దాని మీద సంతకాలు పెట్టడానికి బెంగళూరు నుంచి కూడా మనుషులు వస్తున్నారు.

జై సేవాలాల్. సమ్మక్క సారలమ్మలకు జోహార్.